నల్లబొట్టు పెట్టిన ఫ్లాపీ

నాకు కోపం ఎక్కువ. మా ఎల్లారెడ్డిలో ఎవరిని అడిగినా ఈ మాటే చెప్తారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. ఆ కోపంలోనే, తొంభై మూడులో ఒక సోమవారం నాడు, ఆడపిల్లలందరూ చూస్తుండగా నాలుగు ఫ్లాపీలను టపటపా విరిచి చెత్తబుట్టలో పడేశాను. ఆ తర్వాత శుక్రవారం దాకా నేను పడ్డ పాట్లన్నిటికీ అదే మొదలు.

ఫ్లాపీ అంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. అరచేయంత, నల్లటి పల్చటి చదరపు అట్ట. వంచితే వంగేది. మా కంప్యూటరు ప్రాణమంతా అందులోనే ఉండేది. మిగతా కంప్యూటర్లకు లోపల పెద్ద డిస్కు ఉంటుంది, పనిచేయించే సరంజామా అంతా అందులోనే దాచుకుంటాయి. మాదానికి ఆ డిస్కు చచ్చిపోయింది. స్విచ్ వేసి, పై అరలో ఫ్లాపీ పెడితే, దాన్ని గరగరమని చదువుకుని, డాస్ అనే వ్యవస్థను ఒంట్లోకి ఎక్కించుకుని అప్పుడు లేచేది. ఫ్లాపీ లేకపోతే అది ఉత్త ఇనప డబ్బా.

ఆ డబ్బా నాకు కామారెడ్డి నుంచి వచ్చింది. అక్కడ స్టేషన్ రోడ్డులో పురుషోత్తం సారు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. రెండేళ్లు రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వెళ్లి ముందు టైపు, తర్వాత కంప్యూటరు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లోపలి డిస్కు పోయిన రోజు సారు దానికి గుడ్డ కప్పేసి, "తాహేరా, దీని పనైపోయింది. తీస్కపోతవా?" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే నేను జీపు మాట్లాడటానికి పరిగెత్తాను. బొంతలో చుట్టి, టీవీ లాంటి దాని మొహాన్ని నా ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరు మీద అరుస్తూ తెచ్చుకున్నాను.

ఊళ్లోని ఆడపిల్లలకు కంప్యూటరు నేర్పడానికి మా ఎదురింటి ప్రమీలమ్మ తన ముందుగది ఇచ్చింది. వాళ్లు భూములున్న రైతులు, వడ్ల బస్తాలు వేసుకునే గది అది. "మా ఇంట్ల కంప్యూటర్ ఉన్నదని రాజంపేట మా అక్కకు చెప్పుకోవాలె బిడ్డా. గంతే చాలు నాకు," అంది. ఆ గదికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, మా అమ్మీ గాజుల దుకాణం.

మా అమ్మీ పేరు చాంద్ బీ. గాజులు, రిబ్బన్లు, కాటుక డబ్బాలు, బొట్టు బిళ్లలు అమ్ముతుంది. తను బొట్టు పెట్టుకోదు గానీ ఊరందరి నుదుటి మీదా ఉండేది ఆమె అమ్మిన బొట్టే. మాది ఇంట్లో ఉర్దూ. కానీ ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల చేతులు పట్టుకుని తెలుగులో మాట్లాడీ మాట్లాడీ, అమ్మీకి ఇప్పుడు కోపం కూడా తెలుగులోనే వస్తుంది. అబ్బా, అంటే మా నాన్న, పోయాక నన్ను బీకాం దాకా చదివించింది ఆ దుకాణమే. చదువయ్యాక నేను వచ్చి ఆ గాజుల మధ్య కూర్చుంటానని అనుకుంది. నేను రోడ్డు దాటి ఇవతలికి వచ్చి కూర్చున్నాను. అన్నీ కనిపిస్తూనే ఉన్నా, అమ్మీ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా రోడ్డు దాటి రాలేదు.

సరే, ఆ సోమవారం సంగతి. ఇద్దరు అమ్మాయిల గురించి చెప్తే అంతా అర్థమవుతుంది. ఒకరు సాబేరా. వాళ్ల నాన్న దుబాయిలో ఉంటాడు. పొద్దుగూకేలోపు ఇంట్లో ఉండాలి, బస్సు మాట ఎత్తకూడదు. ఇంకొకరు భూదేవి. రెండు పూటలా బర్రెలు పిండాలి. ఈ ఇద్దరూ కామారెడ్డి వెళ్లి కంప్యూటరు నేర్చుకోవడం ఈ జన్మలో జరిగే పని కాదు. మిగతా పిల్లలదీ ఇంచుమించు అదే కథ. అందుకే నేను జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఆడపిల్లలకు కంప్యూటరు శిక్షణ అని ఒక పథకం వచ్చింది. పన్నెండు సీట్లు, సర్టిఫికెట్టు. ఎల్లారెడ్డికి ఇవ్వాలా, కామారెడ్డికి ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. శుక్రవారం ఆఫీసరు వచ్చి మా కంప్యూటరు చూసి వెళ్తారని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానంటే, మడత దగ్గర చిరిగిపోయింది.

సోమవారం సాబేరా వాళ్ల సలీమ్ భాయి దుబాయి నుంచి తెచ్చిన ఆటల ఫ్లాపీ పట్టుకొచ్చింది. కారు ఆట. మా కంప్యూటరుకు రెండు అరలుంటాయి. పైన డాస్ ఫ్లాపీ, కింద ఆటల ఫ్లాపీ పెట్టాం. కారు తెర మీద బుర్రున తిరుగుతుంటే భూదేవి నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారింది. నేనూ ఒక ఆట ఆడాను, అబద్ధం ఎందుకు. ఆట ఆపి పాఠం మొదలుపెట్టాం. పది నిమిషాలకు తెర మీద ఒక అక్షరం జారి కింద పడింది.

"ఆపా, ఎఫ్ పడిపోయింది," అంది సాబేరా. ఆపా అంటే అక్క.

తర్వాత ఇంకోటి. తర్వాత వరసపెట్టి. గోడకు వేసిన సున్నం రాలినట్టు అక్షరాలన్నీ రాలి, తెర కింద కుప్పగా పడ్డాయి. వైరస్ అనే మాట పత్రికలో చదవడమే గానీ కళ్లతో చూడటం అదే మొదలు. నేను డాస్ ఫ్లాపీ తీసి, దాని నకలు పెట్టాను. అందులోనూ రాలాయి. ఇంకో నకలు పెట్టాను. అదీ అంతే. నాలుగూ పెట్టాను, నాలుగూ పోయాయి. కంప్యూటరు ఆపకుండా ఒకదాని తర్వాత ఒకటి నేనే దాని నోట్లో పెట్టానన్న సంగతి అప్పుడు తట్టలేదు. అప్పుడు తట్టింది కోపం ఒక్కటే. అదిగో, అప్పుడే విరిచాను.

భూదేవి మెల్లగా, "అక్కా, మరి శుక్రవారం?" అంది. నేను బయటికి వెళ్లిపోయాను.

మంగళవారం పొద్దున్నే కామారెడ్డి బస్సులో ఉన్నాను. ఆ నెలలో అది నాలుగో ప్రయాణం. ఎవరో ఒకరు ఏదో ఒక మీట నొక్కడం, ఫ్లాపీలో ఉన్నది చెరిగిపోవడం, నేను బస్సెక్కడం. పురుషోత్తం సారు నన్ను గుమ్మంలో చూసి నవ్వారు.

"ఈసారి ఏమైంది? ఎవరు చెరిపిండ్రు?"

నేను జరిగిందంతా చెప్పాను. విరిచానని చెప్పగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

"అయ్యో పిచ్చిదానా! కంప్యూటర్ బంద్ చేస్తే ఆ వైరస్ ఒంట్లకెల్లి పోతుండె. ఫ్లాపీలను మంచి డాస్ తోని కడిగి మల్ల వాడుకుంటుంటిమి. విరుస్తరా ఎవరన్న?"

నేను తల దించుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి బీరువాలో చాలాసేపు వెతికి ఒక్క ఫ్లాపీ తెచ్చారు. "ఇదే ఆఖరిది. కొత్త కంప్యూటర్లు వచ్చినయి, అన్నీ చిన్న ఫ్లాపీలవే. ఇగ ఈ పెద్దది నా దగ్గర దొరకది, కామారెడ్డిల ఎవ్వరి దగ్గర దొరకది. ఇది పోతే నీ డబ్బా పోయినట్టే."

"పోకుండ ఏం చెయ్యాలె సార్?"

అప్పుడు ఆయన ఫ్లాపీ పక్క అంచును చూపించారు. అక్కడ చిన్న గాటు ఉంది. గోరుతో కొరికినంత. రెండేళ్లుగా ఆ గాటును నేను రోజూ చూస్తున్నాను, ఎందుకుందని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఈ గాటు మూస్తే ఫ్లాపీకి తాళం పడ్డట్టు. కంప్యూటర్ చదువుతది గని ఒక్క అక్షరం రాయలేదు. చెరపలేదు. వైరస్ ఒంట్ల తిరిగితే తిరగని, ఫ్లాపీల అడుగు పెట్టది. బంద్ చేసి మల్ల వేస్తే పోతది. పిల్లలు ఏమన్న నొక్కని, కరెంటు పోని, మల్ల వేసినవంటే మొదటి రోజు ఎట్లుండెనో గట్లనే లేస్తది."

నేను కూర్చున్న స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. రోజూ పాడవుతున్న దాన్ని రోజూ బాగుచేయడం గురించే ఆలోచిస్తున్నాను నేను. పాడే కాకుండా చేయొచ్చన్న ఆలోచనే రాలేదు. పిల్లలు భయపడకుండా ఏ మీటైనా నొక్కొచ్చు! తప్పులు చేయొచ్చు! తప్పు చేయకుండా ఎవరు ఏం నేర్చుకున్నారు?

"దేనితోని మూయాలె సార్?"

"డబ్బాల వెండి కాగితం స్టిక్కర్లు వస్తుండె. ఎప్పుడో అయిపోయినయి. దేనితోనన్న అంటించు. గని అంటించినంక ఏదన్న చిన్న ఫైలు రాసి చూడు. రాయలేదంటే తాళం పడ్డట్టు."

బస్సులో ఫ్లాపీని పుస్తకం మధ్యలో పెట్టి, ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలామె, "పరీచ్చనా బిడ్డా?" అని అడిగింది. "ఔ అవ్వా, పెద్ద పరీచ్చ," అన్నాను.

బుధవారం సెల్లోటేపు అంటించాను. కంప్యూటరు వేసి ఒక చిన్న ఫైలు రాయమన్నాను. సుబ్బరంగా రాసేసింది. రెండు పొరలు వేశాను. రాసింది. మూడు పొరలు. రాసింది. దానికి నా మీద పగేమైనా ఉందా అనిపించింది. కాగితం ముక్క జిగురుతో అంటించాను, అది అరలోనే ఊడి ఇరుక్కుంది. చిన్న పట్టకారుతో తీయడానికి గంట పట్టింది. ఆ గంటా నా ప్రాణం నాలో లేదు.

గురువారం భూదేవి తన నుదుటి మీంచి బొట్టు బిళ్ల తీసి, "ఇదైతే ఊడదు అక్కా. స్నానం చేసినా ఊడదు," అంది. మెరిసే ఎర్ర బిళ్ల, పల్చటి ప్లాస్టిక్‌ది. నాకు ఆనందం పట్టలేదు. గాటు మీద దాన్ని మడిచి అంటించాను. అచ్చంగా సరిపోయింది. పిల్లలంతా నా వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఫైలు రాయమన్నాను.

రాసేసింది.

నేను ఆ ఫ్లాపీ తీసుకుని విసురుగా రోడ్డు దాటి అమ్మీ దుకాణానికి వెళ్లాను. ఆఫీసరు రేపొస్తాడు. అమ్మీ గాజులు ఎంచుతోంది. కొత్త మూట రాగానే ఒక్కో గాజునూ ఎండకు పట్టి చూస్తుంది, పగులు ఉంటే వెలుగులో కనిపిస్తుందని. నేను గల్లాపెట్టె పక్కన కూలబడ్డాను.

"ఏమైంది?" అంది.

"ఏం కాలే."

"మొహం గట్ల పెట్టుకుంటే ఏం కాలే అంటే ఎట్ల? చెప్పు."

"చెప్తే నీకేం తెలుస్తది అమ్మీ! గాజులమ్ముకునేదానివి, కంప్యూటర్ గురించి నీకేం తెలుస్తది!"

మాట నోట్లోంచి వచ్చాక వినిపించింది నాకు. అమ్మీ చేతిలో గాజు అలాగే ఆగింది. దాన్ని మెల్లగా పక్కన పెట్టి, చేయి చాపి నా చేతిలోని ఫ్లాపీ తీసుకుంది. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. ఫ్లాపీని అటూ ఇటూ తిప్పింది. బొట్టు బిళ్ల అంటించిన అంచును వేలితో తడిమింది. తర్వాత, ముప్పై ఏళ్ల అలవాటు కదా, దాన్ని ఎత్తి ఎండకు పట్టింది.

"దీంట్లకెల్లి వెలుగు వస్తుంది," అంది.

"ఏంది?"

"ఈ బొట్టులకెల్లి ఎండ కనిపిస్తుంది. పల్చటి రకం ఇది. నువ్వు మూసిన అనుకుంటున్నవు. మూసుకోలే."

నేను లేచి చూశాను. గాటు ఉన్నచోట ఎర్రగా, చిన్న దీపంలా వెలుగు. సెల్లోటేపు మూడు పొరలు వేసినా ఇంతే కదా! అరలో ఏదో చిన్న దీపం ఉండి ఉంటుంది, గాటులోంచి వెలుగు పోతే రాయొచ్చని అనుకుంటుంది. పెట్టాల్సింది తలుపు కాదు, వెలుగును ఆపే తెర!

అమ్మీ అప్పటికే బొట్టు డబ్బాలు తిరగేస్తోంది. ఒక అట్ట తీసింది, ఎండకు పట్టింది, పక్కన పెట్టింది. ఇంకోటి. చివరికి మఖ్మల్ గుడ్డతో చేసిన నల్ల బిళ్ల, పెద్ద సైజుది, తీసి పట్టుకుంది. దాని అవతల సూర్యుడు ఉన్నట్టే తెలియలేదు.

"రాళ్లవి వద్దు గదా? అరల ఇరుక్కుంటయి," అంది. బుధవారం కాగితం ఇరుక్కున్న సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

నేను పరిగెత్తాను. సైకిలు మీద వచ్చే ఆయన బ్రేకు వేసి తిట్టాడు. నల్ల బిళ్ల అంటించి, ఫ్లాపీ పెట్టి, ఫైలు రాయమన్నాను. అర గరగరమంది. ఆగింది. మళ్లీ గరగరమంది. తెర మీద ఇంగ్లీషులో వరస పడింది, ఫ్లాపీకి తాళం ఉంది, రాయలేను అని.

కంప్యూటరు తప్పు అని చూపిస్తే ఎగిరి గంతేసిన మొట్టమొదటి మాస్టరమ్మను నేనే అయ్యుంటాను. సాబేరాను పట్టుకుని గిరగిరా తిప్పాను. భూదేవి చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు ఆ కారు ఆట తీయండే!" అన్నాను. పిల్లలు బిక్కచచ్చిపోయారు. కింద అరలో సలీమ్ ఫ్లాపీ పెట్టి ఆట ఆడాం. వైరస్ లేచింది, అక్షరాలు జలజలా రాలాయి. రాలనీ! స్విచ్ ఆపాను. పది లెక్కపెట్టాను. మళ్లీ వేశాను. కడిగిన ముత్యంలా లేచింది. మళ్లీ ఆట, మళ్లీ రాలడం, మళ్లీ లేవడం. ఐదుసార్లు చేశాం. ప్రతిసారీ మేం అరిచిన అరుపులకు ప్రమీలమ్మ చేటతో సహా బయటికి వచ్చింది.

ఫ్లాపీ చూసి మూతి విరిచింది. "నల్లబొట్టు ఎందుకు బిడ్డా దానికి?"

"అదే కాపాడేది పెద్దమ్మా. రేపు ఆఫీసర్ వచ్చేదాక దాని జోలికి పోకు. పసుపు కుంకుమ అసలే చల్లకు, పొడి లోపలికి పోతే పాడైతది."

"చల్ల, చల్ల. నీ మీద ఒట్టు," అంది.

ఆ హడావిడిలో, అమ్మీ దగ్గరికి వెళ్లి ఆ మాటకు క్షమించమని అడగాలన్నది వాయిదా పడిపోయింది. సాయంత్రం ఇద్దరం అన్నం తిన్నాం. ఆమె కూర వడ్డించింది. నేను తిన్నాను. అంతే.

శుక్రవారం పొద్దున్నే నేను బస్టాండులో నిలబడ్డాను. ఆఫీసరు పేరు స్వామిదాసు. సన్నగా, గొడుగు చేత్తో పట్టుకుని దిగారు. దిగగానే గొడుగుతో నా వైపు చూపించి, "నువ్వేనా మాస్టర్? నేను మొదలే చెప్తున్నమ్మా. పోయిన నెల మూడు ఊర్లు తిరిగిన. మూడు చోట్లా ఒకటే మాట. పొద్దున మంచిగనే ఉండె సార్, ఇప్పుడే పాడైంది సార్ అని. ఇక్కడ కూడ గదే మాట విన్ననంటే సంతకం కామారెడ్డికే," అన్నారు.

"ఇక్కడ వినరు సార్," అన్నాను. నాలో భయం పావలా వంతే, మిగతాదంతా ఉత్సాహం.

మేం వచ్చేసరికి సాబేరా కంప్యూటరు వేసి ఉంచింది. తెర మీద గీత మిణుకుమిణుకుమంటోంది. గది ఊడ్చి, గుమ్మానికి పసుపు రాసి ఉంది. పిల్లలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. భూదేవి తన పేరు, ఊరు పేరు టైపు చేసి చూపించింది. స్వామిదాసు గారు తల ఊపారు గానీ మొహంలో ఏ రంగూ లేదు.

"మంచిదే. గని ఒక్క ఫ్లాపీ మీద నడుస్తుంది. పన్నెండు మంది పిల్లలు. ఒక్కరు తప్పు మీట నొక్కితే క్లాసే లేదు. నేనేమని రాయాలె?"

నేను ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "మీరే చెరపండి సార్."

"ఏంది?"

"ఆ ఫ్లాపీని మొత్తం తుడిచేసే ఆర్డర్ మీరే ఇయ్యండి. చెరిగిపోతే మీరు వచ్చిన బస్సులనే పోండి. నేను ఒక్క మాట అనను."

ఆయన మొదటిసారి నా మొహం వైపు సరిగ్గా చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఫార్మాట్ అని కొట్టి, పై అర పేరు కొట్టారు. తుడిచెయ్యమంటారా, అయితే ఎంటర్ నొక్కండి అని తెర అడిగింది.

"నొక్కుతున్న మరి?"

"నొక్కండి సార్."

నొక్కారు. సరిగ్గా అప్పుడే టీ కప్పులతో ప్రమీలమ్మ లోపలికి వచ్చింది.

"మంచిగ పని చేస్తున్నదా సార్? శుక్రవారం గదా, నల్లబొట్టుతోని ఎట్లుంటదని పొద్దుగాల నేనే దానికి ఎర్రబొట్టు పెట్టిన. తాహేరా, పొడి చల్లలే బిడ్డా, స్టిక్కరే పెట్టిన. చాంద్ బీ దగ్గరనే తెచ్చిన."

ఎర్రబొట్టు. వెలుగు దూరే ఎర్రబొట్టు. అర మీది దీపం వెలిగింది. లోపల ఫ్లాపీ తిరగడం మొదలైంది. ఇప్పుడు అర తెరిచి లాగేయొచ్చు. లాగితే, పొద్దున మంచిగనే ఉండె సార్ అన్న నాలుగో ఊరు మాదే అవుతుంది. లాగకపోతే కామారెడ్డిలో కూడా దొరకని ఆఖరి ఫ్లాపీ నా కళ్ల ముందే తుడిచిపెట్టుకుపోతుంది. సాబేరా నా మోచేయి పట్టుకుంది. దాని గోళ్లు దిగాయి. నేను కదల్లేదు. గర్రుమంది. ఆగింది. మళ్లీ గర్రుమంది.

తెర మీద వరస పడింది. తాళం ఉంది. చెరపలేను.

స్వామిదాసు గారు ముందుకు వంగి చదివారు. మళ్లీ నొక్కారు. తాళం ఉంది. ఇంకోసారి, ఈసారి గట్టిగా, మీట విరుగుతుందేమో అన్నట్టు. తాళం ఉంది. నేను స్విచ్ ఆపి, మళ్లీ వేశాను. గరగరమని చదువుకుని, ఏమీ జరగనట్టే లేచి కూర్చుంది.

"వారెవ్వా," అన్నారు ఆయన. "దీనికి ఏం పెట్టినవమ్మా?"

నాకూ అదే తెలియాలి. ఫ్లాపీ తీశాను. గాటు మీద ఎర్రబొట్టు, మెరిసే పల్చటి రకమే. గోరుతో అంచు లేపాను. దాని కింద నా నల్ల మఖ్మల్ బొట్టు, నిన్న అంటించినట్టే, చెక్కు చెదరకుండా ఉంది.

"పెద్దమ్మా, నల్లది తియ్యలేదా నువ్వు?"

"తీద్దామనే పోయిన. ఎర్రబొట్టు ఎవరికని మీ అమ్మ అడిగింది. కంప్యూటర్ కు అన్న. దుకాణం విడిచిపెట్టి నా ఎంబడే వచ్చింది. నా చేతులకెల్లి గుంజుకొని, ఆ నల్లదాని మీదనే తనే అంటించి పోయింది."

అమ్మీ రోడ్డు దాటింది. ఆరు నెలలు దాటని రోడ్డు, నేను బస్టాండులో ఉన్నప్పుడు దాటి వచ్చి, నా గదిలోకి వచ్చి, పని చేసి, చెప్పకుండా వెళ్లిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఆఫీసరు ముందు ఏడవడం ఏం బాగుంటుంది, అందుకని ముక్కు ఎగబీల్చి నవ్వాను.

స్వామిదాసు గారు సంచిలోంచి ఫారం తీసి టీ తాగుతూ నింపడం మొదలుపెట్టారు. ఊరు, గది, పిల్లల సంఖ్య. ఒక గడి దగ్గర పెన్ను ఆపారు. "యంత్రం భద్రత చూసేటోళ్ల పేరు. ఏం రాయమంటవు? నీ పేరేనా?"

"కాదు సార్. చాంద్ బీ అని రాయండి."

"ఆమె ఎవరు? ఏం చేస్తది?"

"మా అమ్మ. ఎదురుంగ గాజుల దుకాణం."

ఆయన కిటికీలోంచి ఒకసారి అటు చూశారు. రాశారు. ఫారం అడుగున సంతకం పెట్టి, పన్నెండు సీట్లు ఎల్లారెడ్డికే అన్నారు. పిల్లల అరుపులకు గది కప్పు లేచిపోతుందనిపించింది. నేను అక్కడ ఆగలేదు.

అమ్మీ ఎవరో పెళ్లికూతురికి గాజులు వేస్తోంది. ఆ పిల్ల చేయి ఒడిసిపట్టుకుని, ఎముక దగ్గర మెల్లగా జరుపుతూ, తల ఎత్తకుండానే, "అయిందా?" అంది.

"అయింది. పన్నెండు సీట్లు."

"ఊఁ."

"అమ్మీ, సర్కారు కాగితంల నీ పేరు రాయించిన. కంప్యూటర్ భద్రత చూసేది చాంద్ బీ అని."

గాజు సగం చేతి మీద ఆగిపోయింది. అమ్మీ తల ఎత్తింది. నేను అనాల్సిన మాట ఇంకా అనలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"నిన్న నీకేం తెలుస్తదని అన్న," అన్నాను. "తప్పైంది. నాకే తెలియలే."

అమ్మీ గాజును పూర్తిగా ఎక్కించి, పెళ్లికూతురి చేతిని వెలుగు వైపు తిప్పి ఒకసారి చూసింది. ఆ తర్వాత గల్లా కింది నుంచి ఒక అట్ట తీసి నా చేతిలో పెట్టింది. నల్ల మఖ్మల్ బొట్లు, పెద్ద సైజు. ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి.

"ఇవి అమ్ముతలేను," అంది. "నీ కోసమే పక్కకు పెట్టిన."